ఖాళీ లేని మాట

ఆ పుస్తకాల ఆఫీసులో ఆమెను అందరూ పేజీలమ్మ అనేవారు. బడిపిల్లల పుస్తకాలకు కంప్యూటర్లో పేజీలు కట్టడం ఆమె పని. పాఠం ఒకరు రాస్తారు, బొమ్మ ఇంకొకరు వేస్తారు. ఆ రెంటినీ ఒకే పేజీలో కొట్టుకోకుండా కాపురం చేయించాల్సింది మాత్రం ఆమే. పేజీ నెత్తిన ఒంటరి లైను మిగలకూడదు, బొమ్మ కింద పేరు పక్క పేజీకి పారిపోకూడదు, పట్టిక మధ్యకు విరగకూడదు. కూర్చుని చేసే పనికి కష్టమేముంది అనేవాళ్లు ఊరినిండా ఉంటారు. వాళ్లను ఒక్క రోజు ఆమె కుర్చీలో కూర్చోబెడితే సాయంత్రానికి ఆ మాట మళ్లీ అనరు.

ఆ కుర్చీకి ఒక గుణం ఉండేది. పొద్దున ఎత్తు పెంచుకుని కూర్చుంటే మధ్యాహ్నానికి తనంతట తనే కిందికి దిగిపోయేది. దాంతోపాటు ఆమే దిగిపోయేది, తెర మాత్రం పైనే ఉండేది. మెడ సాచుకుని, వీపు గూని చేసుకుని, గడ్డం బల్లకు ఆనేలా వంగి పని చేస్తుంటే స్టోర్సు ఆయన వెనకనుంచి పోతూ, "ఏమ్మా, తెరలోకి దూరిపోతావా ఏంటి?" అనేవాడు.

గదికి ఆ చివర, కిటికీ పక్కన, ప్రూఫులు దిద్దే పెద్దాయన కూర్చునేవాడు. ఆఫీసులో ఆయన పేరు కామా బాబాయి. ఏ కాగితం ఇచ్చినా అందులో కామా తగ్గిందనేవాడు. సెలవు కావాలని ఎవరైనా చీటీ రాసి ముందు పెడితే, సెలవు సంగతి తర్వాత, ముందు కామా పెట్టి ఇచ్చేవాడు. పేజీలమ్మకు ఆయన సొంత బాబాయేమీ కాదు. కొత్తగా చేరినప్పుడు ఆమె కట్టిన మొదటి పేజీ చూసి, "ఇది పేజీ కాదే, బండిలోంచి మూటలు దొర్లించినట్టుంది" అని, పక్కన కూర్చోబెట్టుకుని ఓపిగ్గా పని నేర్పినవాడు. ఆ రోజునుంచి ఆమె ఆయనకు "పిల్లా", ఆయన ఆమెకు "బాబాయ్". ఇప్పుడు ఆమె కూతురే కాలేజీకి వెళ్తోంది, అయినా ఆ పిలుపు మారలేదు.

తొలిరోజుల్లో ఆమెకు మాటల మధ్య ఖాళీ అంటే చులకన. లైను పట్టకపోతే ఎక్కడో ఒకచోట ఒక ఖాళీని మింగేసి సర్దేసేది. ఒకసారి చిన్నపిల్లల పుస్తకంలో ఒక పాఠం వచ్చింది. కొందరు కుడిచేత్తో రాస్తారు, కొందరు ఎడమచేత్తో రాస్తారు, ఎవరినీ వెక్కిరించకూడదు అని చెప్పే మంచి పాఠం. అందులో "ప్రతి బిడ్డకూ ఒక చేతి వాటం ఉంటుంది" అని ఒక వాక్యం. అది లైనులో పట్టలేదు. పేజీలమ్మ చేతికీ వాటానికీ మధ్య ఉన్న ఖాళీని మింగేసింది. చేతి వాటం అంటే ఏ చెయ్యి అలవాటో ఆ సంగతి. కలిపేసి చేతివాటం అంటే మాత్రం చూస్తుండగా వస్తువు మాయం చేసే బుద్ధి. కామా బాబాయి ఆ కాగితం పట్టుకుని గదంతా దద్దరిల్లేలా, "ఓసి పిల్లా! తరగతి మొత్తాన్నీ దొంగల్ని చేసి కూర్చోబెట్టావు కదే!" అన్నాడు.

ఆఫీసంతా పొట్ట పట్టుకుని నవ్వింది. ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఆయనే కాసేపటికి టీ తెచ్చి బల్ల మీద పెట్టి, "ఏడవకు. మాట ఎంత ముఖ్యమో, మాట పక్కన వదిలే ఖాళీ అంతే ముఖ్యం. ఈసారికి నేను చూశాను, ఇకనుంచి నువ్వు చూడాలి" అని చెప్పాడు. ఆమె చూసింది. ఆ తర్వాత ఆమె పేజీల్లో ఒక్క ఖాళీ తప్పిపోయిన పాపాన పోలేదు. కొత్తగా వచ్చిన ప్రతివాళ్ల దగ్గరా కామా బాబాయి, "కళ్లు మూసుకుని కట్టినా ఈ పిల్ల ఖాళీ మింగదు" అని గొప్పలు పోయేవాడు. సొంత కూతురు మెడల్ తెచ్చినా అంత మురిసేవాడు కాదేమో.

ఆయన దిద్దే పద్ధతి మాత్రం ఆమెకు ప్రాణం తీసేది. కాగితం మీద అచ్చు తీసిస్తే తప్ప చదవడు. చదివినవాడు అన్ని తప్పులూ గుర్తుపెట్టి ఒక్కసారి ఇవ్వొచ్చు కదా, ఇవ్వడు. ఒక తప్పు కనపడగానే, "పిల్లా, ఇటు రా!" అని కేక. ఆమె గది ఆ చివరకు నడిచి వెళ్లాలి. ఆయన వేలు పెట్టి చూపించాలి, దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పాలి. తిరిగొచ్చి కుర్చీలో కూలబడి దిద్దుకునేలోపు మళ్లీ, "పిల్లా!" అని ఇంకో కేక. "కాళ్లకు బలపం కట్టుకుని తిరగాల్సి వస్తోంది ఈయనతో" అని ఆమె విసుక్కునేది. "ఖాళీ లేదు బాబాయ్, అన్నీ కలిపి చెప్పరాదూ?" అనేది. ఆయన వింటే కదా.

తర్వాత ఆఫీసు పద్ధతి మారింది. అచ్చు తీయక్కర్లేదు, తెర మీదే చదివి, తెర మీదే గుర్తు పెడితే, ఆ గుర్తు పేజీలమ్మ తెర మీద దానంతటదే ప్రత్యక్షమవుతుంది. కామా బాబాయి కళ్లు చికిలించుకుంటూ, గొణుక్కుంటూ నేర్చుకున్నాడు. పేజీలమ్మ మాత్రం గొప్ప పీడ వదిలిందనుకుంది. ఇక లేవనక్కర్లేదు. నిజంగానే లేవలేదు. నీళ్ల సీసా పక్కనే, ఫోను పక్కనే, తినే డబ్బా పక్కనే. పొద్దున కూర్చుంటే సాయంత్రం గది ఊడ్చే మనిషి వచ్చి కుర్చీ కాళ్ల దగ్గర చీపురు ఆడించేదాకా కదిలేది కాదు.

నొప్పి ముందు మర్యాదగానే వచ్చింది. నడుము దగ్గర చిన్న బిగువు. ఒళ్లు విరుచుకుంటే పోయేది. కొన్నాళ్లకు విరుచుకున్నా పోలేదు. తర్వాత బస్సు దిగాక కాసేపు కాళ్లు తనవి కానట్టుండేవి. ఆమె భర్త బడిలో ఆటల మాస్టారు. మైదానంలో ఆయన ఈల వేస్తే పిల్లలంతా కర్రల్లా నిటారుగా నిలబడతారు. ఇంట్లో పెళ్లాం నడుము మాత్రం ఆయన ఈలకు లొంగలేదు.

"రోజూ పొద్దున కాసేపు నేను చెప్పినట్టు వంగి లే. అంతే. నీ సొమ్మేం పోదు" అని ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరేవాడు.

"అలాగేలెండి, ఈ పుస్తకం అయిపోనీయండి."

"ఏ పుస్తకం? పోయిన పుస్తకానికీ ఇదే మాట అన్నావు."

ఆమె చేసుకున్న వైద్యం వేరే. తువ్వాలు చుట్టచుట్టి నడుము వెనక పెట్టుకుంది. తెర అందేలా కుర్చీలో పాత పుస్తకాలు పేర్చింది, సరిపోక పైన దిండు వేసింది, దిండు వేశాక కాళ్లు నేలకు అందక కింద అట్టపెట్టె పెట్టుకుంది. పక్కవాళ్లకు కళ్లు మండేంత ఘాటుగా మందు రాసుకునేది. వేడినీళ్ల సంచి ఒకటి కట్టుకుని కూర్చుంది, అది కారి చీర తడిసి అందరి ముందూ అదో భాగోతం. ఇన్ని చేసింది గానీ లేచి నాలుగడుగులు వేయడం ఒక్కటి మాత్రం చేయలేదు. ఈ ఒక్క పేజీ అయ్యాక లేద్దాం అనుకునేది. పేజీకి పేజీ తగులుకుంటూనే ఉండేది.

అంత మొండిగా కూర్చోవడానికి ఒక కారణం ఉంది. పిల్లల బొమ్మల నిఘంటువు ఒకటి వేయాలని ఆఫీసు ఎన్నాళ్లుగానో అనుకుంటోంది. అది తన చేతుల మీదుగా రావాలని ఆమె ఆశ. ఏ అక్షరానికి ఏ రంగు, ఏ మాట పక్కన ఎంత బొమ్మ, పిల్ల వేలు పెట్టి వెతుక్కుంటే ఎక్కడ ఆగాలి, అన్నీ ఆమె బుర్రలో ఎప్పుడో సిద్ధమైపోయాయి. ఇన్నాళ్లూ ఎవరో చెప్పినట్టు కట్టింది. ఇదొక్కటి తను అనుకున్నట్టు కడుతుంది. పని మొదలై, మొదటి అక్షరాల పేజీలు చూసి మేనేజరు కూడా మెచ్చుకున్నాడు. అలాంటప్పుడు నడుము నొప్పి అని తెలిస్తే ఎవరైనా ఆ పని ఆమె చేతుల్లో ఉంచుతారా?

ఒక మధ్యాహ్నం ఆమె కుర్చీలోంచి లేవబోయి లేవలేకపోయింది. బల్ల అంచు పట్టుకుని, పళ్లు బిగించి, సగం వంగి అలాగే ఉండిపోయింది. అందరూ భోజనాలకు వెళ్లారు. కామా బాబాయి ఒక్కడే చూశాడు. పరుగులాంటి నడకతో వచ్చి చెయ్యి అందించాడు.

"ఎన్నాళ్లనుంచే ఇది?"

"ఏం లేదు బాబాయ్, పట్టేసింది. తగ్గిపోతుంది."

"తగ్గే మొహమేనా ఇది? మేనేజరుకి చెప్పి నాలుగు రోజులు ఇంటిదగ్గర పడుండు."

"వద్దొద్దు! చెప్పావంటే నిఘంటువు పోతుంది. నువ్వు ఎవరికీ చెప్పకు. నా మీద ఒట్టు."

ఆయన ఆమెను మెల్లగా కుర్చీలో కూర్చోబెట్టాడు. ఒట్టు వేయలేదు, వేయననీ అనలేదు. ఆమె మాత్రం వేసినట్టే అనుకుంది.

రెండు రోజులయ్యాక మేనేజరు ఆమెను పిలిచి, చాలా మర్యాదగా, కుర్చీ వేయించి మరీ చెప్పాడు. "మీ ఆరోగ్యం ముఖ్యమమ్మా. నిఘంటువు పని రెండో బ్రాంచిలో వాళ్లకి పంపించేశాం. మీరు కొన్నాళ్లు తేలికపాటి పనులు చూసుకోండి. మీ బాబాయిగారు చెప్పబట్టి తెలిసింది గానీ, మీరు పైకి చెప్పరు కదా."

ఆమె ఆ కుర్చీలో నిటారుగా కూర్చుని, "సరేనండి" అంది. బయటికి వచ్చేసరికి కామా బాబాయి తన బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. మొహం చూస్తేనే తెలుస్తోంది, ఏం జరిగిందో ఆయనకు తెలుసు.

"పిల్లా, ఒక్క మాట విను. నువ్వు అలా వంగిపోయి ఉంటే నేను చూడలేక..."

"ఖాళీ లేదు బాబాయ్" అంది ఆమె. సంచి తీసుకుని వెళ్లిపోయింది. ఆయన ఇంకా ఏదో అంటూనే ఉన్నాడు.

ఇంటికి వెళ్లి ఆటల మాస్టారి దగ్గర కక్కేసింది. "ఇన్నేళ్లు బాబాయ్ బాబాయ్ అని తిరిగినందుకు బాగా బుద్ధి చెప్పాడు" అంది. ఆయన, "నీ మంచికే చెప్పుంటాడు" అన్నాడు. పుండు మీద కారం చల్లినట్టయి ఆమె ఆ రాత్రి మొగుడితోనూ మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున పక్కమీదనుంచి కాలు కింద పెట్టబోతే నడుములో కత్తి దిగినట్టయింది. అంతే, ఇక లేవలేదు. ఆటల మాస్టారు, కూతురు చెరోవైపు పట్టి నేల మీద చాప వేసి వెల్లకిలా పడుకోబెట్టారు. మోకాళ్ల కింద దిండ్లు. ఇటు తిరగలేదు, అటు తిరగలేదు. ఆఫీసుకు రాలేనని చెప్పాలి కదా. ఫోను ఎత్తి పట్టుకుని టైపు చేసే ఓపిక లేదు. గుండెల మీద పెట్టుకుని, పైకప్పు చూస్తూ, నోటితో చెప్పింది. నోటితో చెప్తే ఈ ఫోన్లు రాసుకుంటాయి కదా, ఆ సౌకర్యం.

వాళ్లమ్మది పాతకాలపు నోరు. ఆవిడకు ఏ నొప్పీ నొప్పి కాదు, అన్నీ పోట్లే. తలపోటు, పంటిపోటు, చెవిపోటు. నిబ్బరంగా ఉన్నప్పుడు పేజీలమ్మ అందరిలాగే నడుం నొప్పి అంటుంది గానీ, ప్రాణం మీదికి వచ్చినప్పుడు వచ్చేది అమ్మ మాటే. "వెన్ను పోటు వల్ల ఈ వారం ఆఫీసుకి రాలేను" అని చెప్పింది. ఫోనుకు ఈ అమ్మ ఎవరో, ఆ పోటు ఏమిటో ఏం తెలుసు? అది రోజూ వినే వార్తల్లో ఆ మాట ఒక్క రకంగానే ఉంటుంది. రెండింటినీ కలిపేసి, "వెన్నుపోటు వల్ల ఈ వారం ఆఫీసుకి రాలేను" అని రాసుకుని, ఆఫీసు గ్రూపులో అందరికీ పంపించేసింది.

వెన్ను పోటు అంటే వీపులో నొప్పి. వెన్నుపోటు అంటే నమ్మినవాడు వెనకనుంచి పొడవడం.

ఆమె కళ్లు మూసుకుంది. మాత్ర మత్తులో మధ్యాహ్నం దాకా నిద్రపోయింది. లేచి ఫోను చూస్తే గ్రూపు గోలగోలగా ఉంది. బొమ్మలు వేసే ఆవిడ నవ్వు మొహాలు కుప్పపోసి, "ఎవరక్కా పొడిచింది?" అని అడిగింది. స్టోర్సు ఆయన, "కత్తి దొరికిందా?" అన్నాడు. మేనేజరు, "విశ్రాంతి తీసుకోండి" అని పెట్టాడు. ఎవరికీ ఏ అనుమానమూ లేదు. నడుము పట్టేసిందని అందరికీ అర్థమైంది. ఫోను చేసిన కోతిపనికి నవ్వుకున్నారు, అంతే.

ఎవరేం పెట్టినా కింద కామా పెట్టి దిద్దే కామా బాబాయి మాత్రం ఏమీ అనలేదు.

ఆటల మాస్టారు గ్లాసుతో జావ తెచ్చి పక్కన కూర్చుని, ఫోనులోకి తొంగిచూసి నవ్వాడు. "అదేంటే, అలా పెట్టావు? నడుం నొప్పి అని ఇంకోటి పెట్టు. నవ్విపోతున్నారు."

"పెడతాలెండి. చెయ్యి లేవట్లేదు."

చెయ్యి లేవకపోవడమేమీ లేదు. ఆయన వంటింట్లోకి వెళ్లాక అదే చేత్తో ఆ మాట మీద వేలు పెట్టి నొక్కి పట్టుకుంది. గ్రూపులో ఎవరెవరు చూశారో పేర్లు వస్తాయి. ఒక్కొక్కటీ కిందికి జరుపుకుంటూ పోయింది. కామా బాబాయి చూశాడు. అందరికంటే ముందు చూసింది ఆయనే.

ఆయన ఏమనుకుని ఉంటాడో ఆమెకు బాగా తెలుసు. ఇంకెవరైనా అయితే ఫోను తప్పు అనుకుంటారు. కామా బాబాయి అలా అనుకోడు. కళ్లు మూసుకున్నా ఖాళీ మింగని పిల్ల, నిఘంటువు పోయిన మర్నాడే ఆ రెండు మాటల మధ్య ఖాళీ తీసేసి అందరి ముందూ పెట్టిందంటే, కావాలని పెట్టిందనే అనుకుంటాడు. ఒక్క లైను పెడితే చాలు. "బాబాయ్, నడుం నొప్పి అని నా ఉద్దేశం" అంటే అక్కడితో సరిపోతుంది. వేలు అక్షరాల దాకా వెళ్లింది. లోపల ఎక్కడో ఒక మూల చిన్న చల్లదనం కలిగింది. పడనీ, కాసేపు, ఆయనకూ తెలియనీ అనిపించింది. సాయంత్రం పెడదాంలే అనుకుంది.

సాయంత్రం నొప్పి పెరిగింది. మర్నాడు పెడదామనుకుంటే మర్నాడు డాక్టరు. ఆ తర్వాత అసలు ఇన్నాళ్లకు పెట్టడమేమిటి, ఎబ్బెట్టుగా ఉంటుంది, ఆఫీసుకు వెళ్లాక నేరుగా చెప్దాం అనిపించింది. వారం అన్నది వారంతో పోలేదు. గోడ పట్టుకుని నడిచే రోజులు వచ్చాయి, నడుముకు పట్టీ కట్టుకునే రోజులు వచ్చాయి. ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి ఒకతి దొరికింది, చిన్నదే గానీ గట్టిది. బల్ల మీద బోర్లా పడుకోబెట్టి వేళ్లతో నొక్కుతూ అడిగింది.

"ఇన్నేళ్లనుంచి ఇదే పని కదా ఆంటీ, మరి ఇంతకుముందు ఎప్పుడూ రాని నొప్పి ఇప్పుడెందుకొచ్చింది? ఈమధ్య ఏం మారింది?"

"ఏం మారలేదమ్మా. అదే కుర్చీ, అదే బల్ల."

"మధ్యమధ్యలో లేచేవారా ఇదివరకు?"

లేచేదాన్నమ్మా, ఒకాయన పిలిచేవాడు అని అనబోయి ఆగిపోయింది. బల్లకు మొహం ఆనించి ఉంది గనక సరిపోయింది. ఆ అమ్మాయి నొప్పెడుతోందేమో అనుకుని చెయ్యి తీసేసింది.

ఆమె మళ్లీ ఆఫీసుకు వెళ్లేసరికి కిటికీ పక్క బల్ల మీద అచ్చు యంత్రం తాలూకు డబ్బాలు పేర్చి ఉన్నాయి. కామా బాబాయి మానేశాడు. "కళ్లు బాలేవని అన్నాడమ్మా. తెర మీద చదవలేనన్నాడు. పెద్దవాడు కదా, ఏం బలవంతం చేస్తాం" అన్నాడు మేనేజరు. బొమ్మలు వేసే ఆవిడ గొంతు తగ్గించి, "నువ్వు మంచం ఎక్కిన మర్నాటినుంచే మనిషి అదోలా అయిపోయాడక్కా. ఎవరితోనూ మాట్లాడలేదు. పోయే రోజు నీ బల్ల దగ్గర కాసేపు నిలబడ్డాడు" అంది.

అదే రోజు సాయంత్రం వెళ్లాల్సింది. వెళ్లలేదు. బస్సులో అంతసేపు కూర్చోలేనని తనకు తనే చెప్పుకుంది. నిజానికి మొహం చెల్లలేదు. వచ్చే ఆదివారం అనుకుంది, ఆ ఆదివారం ఎవరో చుట్టాలు. ఆ తర్వాతి ఆదివారం ముసురు. ఫోను చేద్దామంటే ఇలాంటివి ఫోనులో మాట్లాడేవి కాదనిపించింది. ఇప్పుడామె ఫిజియో అమ్మాయి చెప్పినట్టు గడియారం మోగగానే లేస్తోంది, గది ఆ చివరిదాకా నడుస్తోంది, డబ్బాల బల్ల దగ్గర వెనక్కి తిరుగుతోంది. అక్కడిదాకా వెళ్లిన ప్రతిసారీ ఆయన గొంతు లేని లోటు తెలిసేది. ఎంత పొగరు నాకు, ఎంత మంచి మనిషిని ఎంత సులువుగా పోగొట్టుకున్నాను అని కుమిలిపోయేది. కుమిలిపోవడం అయ్యాక మళ్లీ వచ్చి కూర్చునేది.

చివరికి ఒక ఆదివారం ఆటల మాస్టారే సంచిలో పళ్లు పెట్టి చేతికిచ్చాడు. "బస్సులో కూర్చోలేకపోతే నిలబడి వెళ్లు. ఇవాళ వెళ్లకపోతే ఇంకెప్పుడూ వెళ్లవు నువ్వు" అన్నాడు. ఆమె నిలబడే వెళ్లింది.

కామా బాబాయిది సందు చివర చిన్న ఇల్లు. తలుపు తీసే ఉంది. ముందుగదిలో ముక్కు మీద అద్దాలతో, చేతిలో పెన్సిలుతో, పేపరు మీద వంగి ఉన్నాడు. ఉద్యోగం మానేసినా పేపర్లో తప్పులు దిద్దడం మానలేదు. అలికిడికి తలెత్తి చూశాడు. చూసి పెన్సిలు పడేశాడు.

"ఓసి నువ్వటే! రావే, రా! ఎలా ఉంది నడుం? మెట్లు ఎక్కగలిగావా? ఆ కుర్చీలో వద్దు, అది గుంటపడింది, ఇదిగో ఈ చెక్కకుర్చీలో కూర్చో."

ఇన్నాళ్లూ ఆమె దేన్ని తల్చుకుని భయపడిందో అదేదీ ఆ మొహంలో లేదు. ఆయన లోపలికి వెళ్లి తనే టీ కలుపుకొచ్చాడు. పిన్ని బజారుకు వెళ్లిందట, వచ్చేదాకా కదలడానికి వీల్లేదన్నాడు. డాక్టరు ఏమన్నాడు, మందులేమిటి, పట్టీ ఎన్నాళ్లు కట్టుకోవాలి, అన్నీ అడిగాడు. నిఘంటువు సంగతి ఆయనే ఎత్తాడు.

"నిన్ను అడక్కుండా చెప్పడం తప్పే పిల్లా. నాకు నిద్ర పట్టలేదనుకో. కానీ మళ్లీ అలా వంగిపోయి నిలబడితే మళ్లీ చెప్తా, నీ ఇష్టం."

"నువ్వు చెప్పిందే మంచిదైంది బాబాయ్. చెప్పకపోతే ఇంకా అక్కడే కూర్చునేదాన్ని. నేనే..."

"ఇంక ఆ వెధవ ఫోను సంగతంటావా?" అని ఆయన నవ్వాడు. "మొదట నాకు తల తిరిగిపోయిందే. నా పిల్ల నన్ను ఇంత మాట అందా అని తిండి సహించలేదు. ఆ ఉక్రోషంలో ఉద్యోగమూ మానేశాను. ఎలాగూ ఆ తెర నాకు పడలేదులే. తర్వాత మీ పిన్ని చీవాట్లు పెట్టింది. నాలుగు రోజులు ఆలోచిస్తే నాకే నవ్వొచ్చింది. ఆ ఫోనుకి నడుం నొప్పులు తెలుస్తాయా, వెన్నుపోట్లే తెలుస్తాయి గానీ! నువ్వు మంచం మీద స్పృహలేకుండా పడున్నావాయె. నువ్వు చూసుకుని ఉండవు. చూస్తే దిద్దకుండా వదిలేస్తావా నువ్వు? నా చేతికింద పెరిగినదానివి. అదే చెప్పా మీ పిన్నికి. ఆ పిల్ల చూడలేదే, చూసుంటే వదలదు అని."

ఆయనే తలుపు తీసి పెట్టాడు, ఆమె లోపలికి నడిస్తే చాలు. "అవును బాబాయ్, చూడలేదు" అంటే అంతా మునుపటిలాగే. పిన్ని వస్తుంది, అందరూ కలిసి నవ్వుకుంటారు, ఆదివారాలు వస్తూ పోతూ ఉంటుంది. అనాలనే అనుకుంది. ఆయన మాత్రం ఆమె మొహంలోకే చూస్తున్నాడు, అంత నమ్మకంగా, అంత గర్వంగా. కొత్తవాళ్లకు ఆమెను చూపించి గొప్పలు పోయినప్పుడు ఉండే మొహం అది. ఆ మొహం పెట్టుకుని అడిగినవాడికి అబద్ధం ఎలా చెప్తుంది? గ్లాసు కింద పెట్టి లేచి నిలబడింది.

"చూశాను బాబాయ్."

"ఏంటి చూశావు?"

"ఆ మధ్యాహ్నమే చూశాను. దిద్దొచ్చు. కోపంలో ఉన్నాను, దిద్దలేదు."

ఆయన నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. "నేను చూశానని నీకు తెలియదు కదా" అన్నాడు, ఆమె తరఫున తనే వెతుకుతున్నట్టు.

"తెలుసు. మీ పేరు ఉందో లేదో చూసుకున్నాను. మీరు చూశారని తెలిశాకే వదిలేశాను." భయంలో ఆమె నోట్లోంచే మీరు అని వచ్చేసింది. "నన్ను తిట్టు బాబాయ్. నీ ఇష్టమొచ్చినట్టు తిట్టు."

ఆయన తిట్టలేదు. అద్దాలు తీసి, లుంగీ అంచుతో చాలాసేపు తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. పేపరు మడిచాడు. కింద పడ్డ పెన్సిలు కోసం వంగితే ఆమే తీసి ఇవ్వబోయింది, నడుము సహకరించలేదు. ఆయనే తీసుకున్నాడు. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

"పోనీలెండి" అన్నాడు.

ఆమె పొరపాటున అన్నాడేమో అనుకుంది. ఆయన మాటల్లో పొరపాట్లు ఉండవని ఆమెకు తెలుసు, అయినా అలాగే అనుకుంది. పొరపాటైతే దిద్దుకుంటాడని ఆయన మొహంలోకి చూస్తూ నిలబడింది.

"నిలబడే ఉన్నారేంటమ్మా" అన్నాడు ఆయన, చెక్కకుర్చీని ఆమె వైపు జరుపుతూ. "కూర్చోండి. నడుం నొప్పెడుతుంది."

ఆమె కూర్చుంది.